టెక్సాస్‌లో మసాజ్ లైసెన్సు: హెచ్4 ఈఏడీ మీద ఉండి అభ్యంగం, బాలింత మర్దన చేయాలనుకునేవాళ్లకు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇర్వింగ్‌లో ఉంటున్నారు, హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా) మీద ఉన్నారు, ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) ఉంది. ఇండియాలో బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివారు, తర్వాత కేరళలో ఆయుర్వేద థెరపీ సర్టిఫికెట్ కోర్సు చేశారు. చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లకు వెళ్లి డబ్బు తీసుకుని బాలింతలకు నూనె మర్దన, పసిబిడ్డలకు నలుగు పెట్టి స్నానం చేయించవచ్చా? లైసెన్సు కావాలంటే ఎలా? రేపు మీవారి ప్రాజెక్టు న్యూజెర్సీకో ఇంకో చోటికో మారితే అది పనికొస్తుందా?

బాలింత మర్దనకు లైసెన్సు కావాలి. ఇందులో సందేహం లేదు. "మసాజ్ కాదండీ, అభ్యంగం" అంటే చెల్లదు. టెక్సాస్ ఆక్యుపేషన్స్ కోడ్ 455వ అధ్యాయం చూసేది పేరును కాదు, చేతులు చేసే పనిని. చేత్తో గానీ యంత్రంతో గానీ ఒంటి మెత్తటి కణజాలాన్ని నిమరడం, పిసకడం, తట్టడం, అదమడం, రుద్దడం, అదిరించడం అన్నీ మసాజ్ థెరపీ కిందకే వస్తాయని చట్టంలోనే జాబితా ఉంది. "బాడీ రబ్", "మయోథెరపీ" లాంటి పేర్లు కూడా మసాజ్‌కు పర్యాయపదాలే అని విడిగా రాసి పెట్టారు. నువ్వుల నూనె వాడారా, ధన్వంతరం తైలం వాడారా అన్నది వాళ్లకు అనవసరం. ఆయుర్వేదానికి అమెరికాలో ఏ రాష్ట్రంలోనూ ప్రత్యేక లైసెన్సు లేదు. కాబట్టి ఆయుర్వేద సర్టిఫికెట్ ఏ చట్టం నుంచీ మిమ్మల్ని మినహాయించదు.

డాక్టర్లు, నర్సులు, ఫిజికల్ థెరపిస్టులు, కాస్మెటాలజిస్టులు తమ తమ లైసెన్సు పరిధిలో చేసే పనికి మినహాయింపు ఉంది. మీ బీపీటీ ఇక్కడ ఆ కోవలోకి రాదు, ఎందుకంటే ఇక్కడ లైసెన్సు తీసుకోనంతవరకు మీరు ఫిజికల్ థెరపిస్టు కారు. "ఫిజియోథెరపిస్ట్" అని వాట్సాప్ పోస్టులో రాసుకున్నా అది వేరే బోర్డుతో వేరే తలనొప్పి. నిజంగా పీటీ దారిలో వెళ్లాలనుకుంటే ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థ దగ్గర చదువు మూల్యాంకనం, ఆ తర్వాత ఎన్‌పీటీఈ అనే జాతీయ ఫిజికల్ థెరపీ పరీక్ష. ఇక్కడి ప్రవేశ స్థాయి ఇప్పుడు డాక్టరేట్ కాబట్టి బీపీటీకి చాలాసార్లు క్రెడిట్లు తక్కువ పడతాయి. అది పెద్ద దారి, దాని గురించి విడిగా అడగండి.

పసిబిడ్డ నలుగు, స్నానం కొంచెం భిన్నం. స్నానం చేయించడం, సాంబ్రాణి పొగ వేయడం మసాజ్ కాదు. కానీ "బేబీ మసాజ్, సెషన్‌కు ఇంత" అని ప్రచారం చేసుకుంటే మళ్లీ అదే నిర్వచనంలో పడతారు. లైసెన్సు వచ్చేదాకా బొమ్మ మీద చూపిస్తూ తల్లికో అమ్మమ్మకో నేర్పించే క్లాసులాగా పెట్టుకోండి. బిడ్డ ఒంటి మీద చేయి వేసేది ఇంటివాళ్లే అయితే ఇబ్బంది లేదు.

ఇక వీసా సంగతి. హెచ్4 మీద ఉన్నవాళ్లు చదువుకోవచ్చు, దానికి ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం స్కూలు ఇచ్చే పత్రం) అక్కర్లేదు, ఎఫ్1 స్టూడెంట్ వీసాకు మారాల్సిన పనీ లేదు. ఈఏడీ లేకపోయినా మసాజ్ స్కూల్లో చేరవచ్చు. ఆగిపోయేది రెండు చోట్ల. లైసెన్సు దరఖాస్తులో సోషల్ సెక్యూరిటీ నంబర్ అడుగుతారు, ఈఏడీ లేని హెచ్4కు అది ఉండదు. రెండోది, లైసెన్సు ఉన్నా పని చేసే హక్కు రాదు. "ఫ్రెండ్స్ దగ్గర డబ్బులు తీసుకోను, టిప్ మాత్రం ఇస్తారు" అనేవాళ్లుంటారు. టిప్ కూడా పారితోషికమే. జెల్ (Zelle), ఆపిల్ పే చెల్లింపుల జాడలు ఎక్కడికీ పోవు.

గ్రీన్ కార్డు ఉంటేనే లైసెన్సు ఇస్తారన్న మాట కూడా గ్రూపుల్లో తిరుగుతోంది. టెక్సాస్ మసాజ్ లైసెన్సు విషయంలో అది నిజం కాదు. న్యూయార్క్‌లో కొన్ని వృత్తులకు అలాంటి షరతు ఉండేది. హెచ్1బీ మీద ఉన్న ఫార్మసిస్టులు కోర్టుకెక్కితే 2012లో రెండో సర్క్యూట్ అప్పీల్స్ కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. బహుశా ఆ పాత షరతు సంగతే ఇలా చేతులు మారి మీదాకా వచ్చి ఉంటుంది.

మీ ఈఏడీ గడువు మాత్రం కళ్లలో వత్తులేసుకుని చూసుకోండి. రెన్యువల్ పెండింగ్‌లో ఉండగా పాత కార్డు మీదే పని చేసుకునే ఆటోమేటిక్ పొడిగింపును 2025 అక్టోబర్ 30 నుంచి వేసే దరఖాస్తులకు తీసేశారు. గడువు దాటిన రోజు నుంచి కొత్త కార్డు చేతికొచ్చేదాకా బుకింగులన్నీ ఆపేయాల్సిందే. సెల్ఫ్ ఎంప్లాయ్డ్ వాళ్లు ఇక్కడే జారుతారు. ఉద్యోగమైతే హెచ్ఆర్ ఆపుతుంది, ఇళ్లకెళ్లి చేసేవాళ్లను ఆపేవాళ్లుండరు.

టెక్సాస్‌లో మసాజ్ వ్యవహారం చూసేది టీడీఎల్ఆర్, అంటే రాష్ట్ర లైసెన్సింగ్, రెగ్యులేషన్ శాఖ. 2017 నవంబర్ 1కి ముందు ఇది ఆరోగ్య శాఖ చేతిలో ఉండేది. అందుకే పాత బ్లాగుల్లో కనిపించే ఫారాలు, చిరునామాలు పనికిరావు. కనీస చదువు 500 గంటలు, అదీ లైసెన్సు ఉన్న స్కూల్లో. ఆ 500 ఎలా పంచారో చూస్తే మీ కేరళ సర్టిఫికెట్ ఎందుకు సరిపోదో అర్థమవుతుంది. మసాజ్ పద్ధతులకు 200, అందులో కనీసం 125 గంటలు స్వీడిష్ మసాజే. అనాటమీ 50, ఫిజియాలజీ 25, కినిసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) 50, పాథాలజీ 40, హైడ్రోథెరపీ (నీటితో చేసే చికిత్స) 20. చట్టాలు, వ్యాపార పద్ధతులు, వృత్తి నీతి కలిపి 45. ఆరోగ్యం, పరిశుభ్రత, ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ 20. ఇంటర్న్‌షిప్ 50. అనాటమీ, కినిసియాలజీ మీకు బీపీటీలో ఇంతకు రెట్టింపు అయి ఉంటాయి. కానీ 125 గంటల స్వీడిష్, టెక్సాస్ చట్టం మీద క్లాసులు మీ ట్రాన్స్‌క్రిప్టులో ఎక్కడా ఉండవు. స్కూలువాళ్లు పాత చదువుకు కొన్ని గంటలు మినహాయిస్తారేమో అడగండి. మినహాయించినా సరే, ఆ మినహాయింపు తీసుకోవద్దనే నా సలహా. ఎందుకో కింద చెప్తాను.

స్కూలు ఎంచుకునేటప్పుడు టీడీఎల్ఆర్ సైట్‌లో లైసెన్సు సెర్చ్ తెరిచి ఆ స్కూలు పేరు కొట్టండి. లైసెన్సు యాక్టివ్ అని ఉందా, అడ్రసు మీరు వెళ్లే క్యాంపస్ అడ్రసేనా చూడండి. మొత్తం ఆన్‌లైన్‌లో 500 గంటలు అని అమ్మేవి కనిపిస్తే పక్కకు తప్పుకోండి. చేతితో నేర్చుకునే గంటలు, ఇంటర్న్‌షిప్ స్క్రీన్ మీద అవ్వవు. వారానికి 20 గంటల చొప్పున వెళ్తే 25 వారాలు, పిల్లల స్కూలు వేళలతో కుదిరే వేగం అది. చేరగానే టీడీఎల్ఆర్ దగ్గర విద్యార్థి పర్మిట్ తీసుకోవాలి. ఇంటర్న్‌షిప్ గంటల్లో క్లయింట్ల దగ్గర స్కూలువాళ్లు డబ్బు తీసుకోవచ్చు గానీ మీకు జీతం ఉండదు.

పరీక్ష పేరు ఎంబ్లెక్స్. రాష్ట్ర మసాజ్ బోర్డుల సమాఖ్య ఎఫ్ఎస్ఎంటీబీ 2007 నుంచి నడుపుతోంది. పియర్సన్ వీయూఈ సెంటర్లలో కంప్యూటర్ మీద 100 ప్రశ్నలు, 110 నిమిషాలు, ఫీజు 265 డాలర్లు. పాస్ అయితే మార్కులు చెప్పరు, పాస్ అని మాత్రమే వస్తుంది. తప్పితే మళ్లీ రాయడానికి 30 రోజులు ఆగాలి, ఫీజు మళ్లీ పూర్తిగా కట్టాలి. మెడికల్ నేపథ్యం ఉన్న మనవాళ్లు అనాటమీ దంచేసి వెళ్లి ఇంకెక్కడో తప్పుతారు. అనాటమీ, ఫిజియాలజీ వాటా పదోవంతు చుట్టుపక్కలే. ఎక్కువ బరువు క్లయింట్‌ను అంచనా వేయడం, సెషన్ ప్లాన్ చేయడం మీద ఉంటుంది. దాని వెనకే వృత్తి నీతి, హద్దులు, చట్టం. "క్లయింట్ బహుమతి ఇస్తే ఏం చేస్తారు", "పాత స్నేహితురాలు క్లయింట్‌గా వస్తే" లాంటి ప్రశ్నలకు మన ఇంటి మర్యాద ప్రకారం జవాబు రాస్తే తప్పు పడుతుంది. ఏ స్థితిలో మసాజ్ చేయకూడదు అన్న భాగం మాత్రం మీకు సులువు.

పరీక్ష రోజు మనవాళ్లకు తరచుగా ఎదురయ్యే ఇబ్బంది పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పడిందనుకోండి, వీసా మీద ముందు ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) వస్తుంది, డ్రైవింగ్ లైసెన్సు మీద ఇంకోలా, సోషల్ కార్డు మీద మరోలా. దరఖాస్తులో పేరు మీరు సెంటర్‌లో చూపించే ఐడీ మీద ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి. తేడా ఉంటే లోపలికి రానివ్వరు, ఫీజు పోతుంది. ఇంకొకటి, హెచ్4 వాళ్ల టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండవచ్చో చూపే రికార్డు) గడువుతోనే ముగుస్తుంది. ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్న నెలల్లో లైసెన్సు ఎక్స్‌పైర్ అయి ఉంటుంది, ఆ కార్డు పట్టుకెళ్తే చెల్లదు. పాస్‌పోర్టు మీద ఉన్న పేరుతోనే రిజిస్టర్ చేసి పాస్‌పోర్టే పట్టుకెళ్లండి. స్కూల్లో చేరే రోజే ఏ పేరు వాడాలో తేల్చుకుని ట్రాన్స్‌క్రిప్టు, పర్మిట్, ఎంబ్లెక్స్, వేలిముద్రలు అన్నిటికీ అదే పేరు ఇవ్వండి.

ఎంబ్లెక్స్ దరఖాస్తులోనే ఫలితం ఏ రాష్ట్రానికి పంపాలో అడుగుతారు, టెక్సాస్ పెట్టండి. తర్వాత టీడీఎల్ఆర్ పెట్టే చట్టాల పరీక్ష ఉంటుంది. ఇంట్లో ఆన్‌లైన్‌లో, రూల్స్ ముందు పెట్టుకునే రాయవచ్చు. వేలిముద్రలు ఐడెంటోగో సెంటర్‌లో ఇస్తే రాష్ట్ర పోలీసు రికార్డులు, ఎఫ్‌బీఐ రికార్డులు రెండూ చూస్తారు. వయసు 18 నిండాలి. లైసెన్సు రెండేళ్లకు. రెన్యువల్‌కు 12 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్, దాంతోపాటు మానవ అక్రమ రవాణా మీద శిక్షణ తప్పనిసరి.

ఆ చివరిది చూసి చాలామంది మనకెందుకిది అంటారు. టెక్సాస్ మసాజ్ చట్టంలో ఇటీవల వచ్చిన మార్పుల్లో ఎక్కువ భాగం దాని చుట్టూనే తిరుగుతున్నాయి. మసాజ్ పేరు పెట్టుకుని వేరే వ్యాపారం చేసే దుకాణాల మీద దాడులు జరుగుతుంటాయి. ఉద్యోగానికి ఏ చోట చేరినా ముందు దానికి ఎస్టాబ్లిష్‌మెంట్ లైసెన్సు ఉందో లేదో టీడీఎల్ఆర్ సెర్చ్‌లో చూడండి. గోడ మీద ఫ్రేము ఉంటే చాలదు, అది ఎక్స్‌పైర్ అయినదో, పక్క వీధి షాపుదో కావచ్చు. అలాంటి చోట దాడి జరిగితే మీ తప్పు లేకపోయినా మీ పేరు రికార్డుకెక్కుతుంది. రేపు ఐ-485 గ్రీన్ కార్డు దరఖాస్తులో "ఎప్పుడైనా అరెస్టయ్యారా, సైటేషన్ వచ్చిందా" అన్న ప్రశ్నకు జవాబు రాయాల్సింది మీరు. వ్యభిచారానికి సంబంధించిన ఆరోపణలకు ఇమ్మిగ్రేషన్ చట్టంలో ప్రత్యేకంగా ఒక క్లాజే ఉంది. లైసెన్సు లేకుండా మర్దన చేయడం కూడా ఇక్కడ క్రిమినల్ నేరమే, పైగా శాఖ వేసే జరిమానా విడిగా. సిటిజన్‌కు అది ఫైన్ కట్టి మరిచిపోయే విషయం. మీకు కాదు.

ఇళ్లకెళ్లి చేసే విషయం. మీరు ఒక్కరే, మీ సొంత లైసెన్సు మీద చేస్తే ఎస్టాబ్లిష్‌మెంట్ లైసెన్సు అక్కర్లేదు. చట్టం దీన్ని సోలో ప్రాక్టీషనర్ అంటుంది, దానికో షరతు పెట్టింది. సొంత పేరుతో చేసుకుంటే సరే. "అమ్మచేతి అభ్యంగం" లాంటి వ్యాపారం పేరు పెట్టుకుంటే ప్రతి ప్రకటనలో, ఆ పేరు రాతలో కనిపించిన ప్రతిచోటా మీ పూర్తి చట్టబద్ధమైన పేరు గానీ లైసెన్సు నంబరు గానీ ఉండాలి. ఇన్‌స్టా పేజీ, దేశీ స్టోర్ నోటీసు బోర్డు మీద అంటించిన కాగితం, ఫార్వర్డ్ అయ్యే వాట్సాప్ ఫ్లయర్, అన్నిట్లోనూ. లోగో తయారు చేయించేటప్పుడే దాని కింద నంబరు వేయించేయండి, గొడవ ఉండదు. మీ స్నేహితురాలిని కూడా కలుపుకుని ఇద్దరై పని పంచుకుంటే సోలో అన్న మాట పోతుంది. అప్పుడు ఎస్టాబ్లిష్‌మెంట్ లైసెన్సు కావాలి.

టెక్సాస్‌లో మసాజ్ థెరపిస్టుల నియంత్రణ రాష్ట్రానిదే, ఊరి మునిసిపాలిటీ మళ్లీ వేరే లైసెన్సు అడగడానికి వీల్లేదు. జోనింగ్ మాత్రం సిటీ చేతిలోనే ఉంది. మీ ఇంట్లో గది కేటాయించి చేస్తే సిటీ హోమ్ ఆక్యుపేషన్ రూల్, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) నిబంధనలు, అపార్ట్‌మెంట్ అయితే లీజు, మూడూ చూడాలి. క్లయింట్ ఇంటికి వెళ్తే ఈ బెడద ఉండదు.

మొదటి సెషన్‌కు ముందు కన్సల్టేషన్ పత్రం మీద సంతకం తీసుకోవడం రూల్. ఏ పద్ధతి వాడతారు, ఒంట్లో ఏ భాగాలు తాకుతారు, ఏవి తాకరు, గుడ్డ కప్పే ఉంచుతారని, అసౌకర్యంగా ఉంటే క్లయింట్ ఆపమనవచ్చని అందులో రాసి ఉండాలి. బాలింతలతో పనిచేసేవాళ్లకు అందులో ముఖ్యమైన వాక్యం ఇంకొకటి: రాతపూర్వక అనుమతి లేకుండా స్త్రీ క్లయింట్లకు రొమ్ము మర్దన చేయనని. పాలు గడ్డకట్టాయని, కొంచెం నూనె రాసి నిమరమని వాళ్ల అమ్మగారే అడుగుతారు, మీరూ మామూలుగా చేసేస్తారు. ఇక్కడ అది ముందస్తు సంతకం లేకుండా చేస్తే ఉల్లంఘన. నోటి మాట చాలదు, అత్తగారి మాట అసలు చాలదు. పత్రం తెలుగులో కూడా ఒక ప్రతి పెట్టుకోండి, చదివి సంతకం పెడతారు. మన అభ్యంగం అలవాటులో పైనుంచి కిందిదాకా ఒకేసారి నూనె పోసేస్తాం. ఇక్కడ పనిచేస్తున్న భాగం మాత్రమే బయట ఉంచి, మిగతాది దుప్పటి కింద ఉండాలి. నూనె అంటిన దుప్పట్లు బోలెడు పోగవుతాయి, ముదురు రంగువి కొనుక్కోండి.

బాలింత విషయంలో ఒకటి మరవకండి. ప్రసవం తర్వాత వారాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే ఆ రోజు చేయి వేయకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి పంపాలి. సిజేరియన్ అయితే కుట్ల చుట్టూ డాక్టర్ సరే అనేదాకా ముట్టుకోకూడదు, ఎంత ఆనవాయితీ అయినా సరే. "వాతం తగ్గుతుంది, షుగర్ తగ్గుతుంది" అని చెప్పకండి. రోగ నిర్ధారణ, చికిత్స హామీ ఈ లైసెన్సు పరిధిలోవి కావు. వస్తి (ఎనిమా), నస్యం (ముక్కులో మందు వేయడం) కూడా కావు.

ఇన్సూరెన్స్ టెక్సాస్‌లో లైసెన్సుకు షరతు కాకపోయినా తీసుకోండి. ఏఎంటీఏ, ఏబీఎంపీ లాంటి వృత్తి సంఘాల సభ్యత్వంతోపాటే వస్తుంది, ఏడాదికి సుమారు 200 నుంచి 250 డాలర్లు. ఒక్కో ఘటనకు 20 లక్షల డాలర్ల వరకు కవరేజీ. నూనె కాలితో బాత్రూం టైల్స్ మీద జారి పడ్డ క్లయింట్ ఒక్కరు చాలు, ఆ డబ్బు విలువ తెలియడానికి.

ఇక మీ చివరి ప్రశ్న, రాష్ట్రం మారితే. లైసెన్సు మీతో రాదు, కొత్త రాష్ట్రంలో మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి. ఎంబ్లెక్స్ ఫలితం మాత్రం పనికొస్తుంది, కొద్దిపాటి ఫీజుతో అక్కడికి పంపించుకోవచ్చు. గంటల దగ్గరే తేడా వస్తుంది. న్యూజెర్సీ, జార్జియా 500 గంటలే కాబట్టి అక్కడికి మారితే పెద్దగా ఇబ్బంది లేదు. ఇల్లినాయిస్ 600 అడుగుతుంది, వాషింగ్టన్ రాష్ట్రం 625, న్యూయార్క్ 1000. జెర్సీ సిటీలో ఇల్లు, క్లయింట్లు మాన్‌హట్టన్‌లో అంటే జెర్సీ లైసెన్సు నది దాటదు. కాలిఫోర్నియాది మరో తీరు. అక్కడ రాష్ట్ర లైసెన్సే లేదు, సీఏఎంటీసీ అనే కౌన్సిల్ 2009 నుంచి ఇచ్చే ఐచ్ఛిక సర్టిఫికెట్ ఉంది. ఐచ్ఛికం అంటారు గానీ అది లేకపోతే ఒక్కో ఊరు ఒక్కో పర్మిట్ అడగవచ్చు కాబట్టి ఆచరణలో తీసుకోక తప్పదు. దాని నంబరు అన్ని ప్రకటనల్లో వేయాలి.

రాష్ట్రాల మధ్య ఉమ్మడి లైసెన్సు కోసం ఇంపాక్ట్ అనే ఒప్పందం వస్తోంది, 2023లో నెవాడా ముందుగా చేరింది. దానికి 625 గంటల చదువు ప్రమాణంగా పెట్టారు. పాత చదువుకు మినహాయింపు తీసుకోవద్దని పైన అన్నది ఇందుకే. హెచ్1బీ మీద ఉన్న కుటుంబం వచ్చే ఐదేళ్లు ఒకే రాష్ట్రంలో ఉంటుందని ఎవరూ చెప్పలేరు. మీకు దగ్గర్లో 625 లేదా అంతకు మించిన గంటల ప్రోగ్రాం ఉంటే, కొంచెం ఖర్చెక్కువైనా దానిలోనే చేరండి. 500తో ఆపేస్తే, తర్వాత సియాటెల్ వెళ్లాక ఆ 125 గంటలు పూరించే స్కూలు వెతుక్కోవడం అసలు కోర్సు కంటే కష్టం. చాలా స్కూళ్లు ముక్కలుగా గంటలు అమ్మవు.

కోర్సు అయిపోగానే సీలు వేసిన ట్రాన్స్‌క్రిప్టులు మూడు నాలుగు తీసుకుని ఇంట్లో దాచండి, సబ్జెక్టువారీగా గంటలు రాసి ఉన్నవే అడగండి. మసాజ్ స్కూళ్లు చిన్న వ్యాపారాలు, మూతపడుతుంటాయి. మూతపడ్డ స్కూలు నుంచి గంటల రుజువు తెప్పించుకోవడానికి నెలలు పట్టొచ్చు. సీలు విప్పిన కవరు కొత్త బోర్డు తీసుకోదు, కాబట్టి ఒకటి చూసుకోవడానికి, మిగతావి ముట్టుకోకుండా.